తాళంచెవి అడిగిన కడుపు

నాకు భయమేస్తే ముందుగా తెలిసేది నా కడుపుకు. ఆ తరువాత మా ఇంట్లో వాళ్లకు. ఆఖరున నాకు.

పదో తరగతి పరీక్షల రోజుల్లో, నేను చెంబు పట్టుకొని దొడ్డివైపు ఎన్నిసార్లు పోయానో చూసి, ఆ రోజు ఏ పరీక్షో పక్కింటివాళ్లు కూడా చెప్పగలిగేవాళ్లు. నాలుగుసార్లయితే లెక్కలు. రెండుసార్లయితే తెలుగు. ఒక్కసారీ పోకపోతే ఆ రోజు ఆదివారం.

మాది పలమనేరు. మా నాయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. పాడి ఎక్కువున్న ఊరు కాబట్టి పొద్దున్నే ఆసుపత్రి ముందర ఆవులు, ఎద్దులు, వాటిని పట్టుకొచ్చిన రైతులు వరసగా నిలబడి ఉండేవాళ్లు. నాయనకు టిఫిను క్యారియరు ఇవ్వడానికి పోయినప్పుడల్లా నేను కాసేపు అక్కడే నిలబడి చూసేదాన్ని. ఆవును కొయ్యల చట్రంలోకి తోలి, వెనక గడియ బిగించేవాళ్లు. డాక్టరు ఇంకా సూది చేతికి తీసుకోకముందే ఆవు తోక లేపేది. మా నాయన రెండడుగులు పక్కకు జరిగేవాడు. కొత్తగా వచ్చిన డాక్టర్లు జరిగేవాళ్లు కాదు. నెల తిరక్కుండానే వాళ్లూ నేర్చుకునేవాళ్లు.

ఒకరోజు అడిగాను. "నాయనా, దానికింకా సూది పొడవనే లేదు గదా, అప్పుడే పేడెందుకేసింది?"

"బయమ్మా. బయమేస్తే ముందు కడుపు కాళీ జేసుకుంటాది. పరిగెత్తల్లంటే బరువుండకూడదు గదా."

"మరి నాకూ అంతేనా?"

నాయన నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు పరిగెత్తేది యాడుండాది? కూసోని రాసేదే గదా. నీ కడుపుకు ఆ సంగతి ఎవురో ఒకరు సెప్పల్ల."

ఆ సంగతి నా కడుపుకు చెప్పే పని మా అమ్మ నెత్తిన వేసుకుంది. నాయన చెప్పిన ఆవు లెక్క ఆమెకు నచ్చలేదు. "నా కూతురేమన్నా గొడ్డా?" అని కసిరింది. ఆమె లెక్కలో నా జబ్బు పేరు బొడ్డు జారడం. దానికి మందు కూడా ఆమె దగ్గరే ఉంది. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు మీద రాగిబిళ్ల పెట్టి, దాని మీద నూనెలో ముంచిన వత్తి వెలిగించి, పైన చెంబు బోర్లించేది. వత్తి ఆరిపోయి, చెంబు పొట్టను పట్టుకొని లోపలికి గుంజేది. ఆ గుంజుడుకు ప్రాణం పోతుందేమో అనిపించేది. పావుగంట తరువాత చెంబు పీకితే పొట్ట మీద పున్నమి చంద్రుడంత ఎర్రటి గుండ్రం. దాంతో పరీక్షకు పోయేదాన్ని. బొడ్డు యథాస్థానంలోకి వచ్చిందని అమ్మకు నమ్మకం. నాకు మాత్రం లెక్కల పరీక్షకు మళ్లీ నాలుగుసార్లే.

చెంబుతో కుదరకపోయేసరికి అమ్మ నన్ను పుత్తూరు తీసుకుపోయింది. మా జిల్లాలో కాలు విరిగినా చెయ్యి విరిగినా పుత్తూరే. అక్కడ కోడిగుడ్డు సొనతో కట్టు కట్టే పెద్దాయన ముందర నన్ను కూర్చోబెట్టి, బొడ్డు కూడా ఒంట్లో కీలు లాంటిదే కదా, జారిన కీలును సర్దినట్టు సర్దమంది. అటూ ఇటూ కట్లు కట్టించుకున్న వాళ్లంతా మూలుగుడు ఆపి నన్ను చూశారు.

ఆ పెద్దాయన నా పొట్ట మీద ఒక్క వేలు పెట్టి నొక్కాడు. "అమ్మా, ఇందులో ఎముక యాడుండాదో సూపించు, కట్టు కడతాను," అన్నాడు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిరుగు బస్సులో పలమనేరు వచ్చేదాకా నాతో మాట్లాడలేదు, ఎముక లేకపోవడం నా తప్పన్నట్టు.

డిగ్రీ చిత్తూరులో ఎట్లాగో ముగించాను. డెబ్బైల చివర్లో తిరుపతిలో ఎమ్మెస్సీకి సీటు వచ్చింది. జంతుశాస్త్రం. మా నాయన చాలా సంతోషపడ్డాడు, నేను ఆయన పనినే పెద్ద చదువుగా చదవబోతున్నానని. తిరుపతి బస్సులో నా చుట్టూ కొండకు పోయేవాళ్లే ఉండేవాళ్లు. వాళ్లు గోవిందా అంటే నేనూ గట్టిగా గోవిందా అనేదాన్ని. వాళ్లకు స్వామి దర్శనం కావాలి. నాకు చిత్తూరు బస్టాండు వచ్చేదాకా కడుపు ఆగితే చాలు.

తిరుపతిలో హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి నా క్లాసే. వాళ్లది నగరి. ఇంట్లో మగ్గాల చప్పుడులో పుట్టి పెరగడం వల్ల కాబోలు, ఆమె మెల్లగా మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. భయమనే మాట ఆమెకు తెలుగులోనూ తెలియదు, అరవంలోనూ తెలియదు. నా కడుపు సంగతి మొదటి వారంలోనే కనిపెట్టింది.

"ఏమే, పొద్దున్నించి మూడోసారి పోతా ఉండావు. ఏం తిన్నావే?"

"ఏమీ తినలా. ఈరోజు ప్రాక్టికల్స్ గదా."

"కప్పను కోసేది నువ్వు. బయపడాల్సింది కప్ప!"

మా విభాగంలో అమ్మాయిలం నలుగురమే. మా కోసం వెనక వరండా చివర ఒక లెట్రిన్ ఉండేది. దానికి ఎప్పుడూ తాళం. ఆ తాళంచెవి ఎక్కడ ఉండేదంటే, మా శాఖాధిపతి గదిలో, ఆయన కుర్చీ వెనక గోడకు కొట్టిన మేకుకు. బయటివాళ్లు వాడి పాడుచేస్తారని అట్లా పెట్టారట. తాళంచెవి కావాలంటే ఆయన గదిలోకి పోవాలి. "సార్" అనాలి. ఆయన ఫైలులోంచి తల ఎత్తి, కళ్లద్దాల పైనుంచి చూసి, "ఏమిటి?" అంటారు. ఆ "ఏమిటి"కి జవాబు చెప్పాలి. మాకంటే ముందు చదివిన అమ్మాయిలు ఎవరూ ఆ జవాబు చెప్పలేదు. మేమూ చెప్పలేదు. పొద్దున కాఫీ మానేశాం. మధ్యాహ్నం రెండు దాకా మంచినీళ్లు ముట్టేవాళ్లం కాదు. రెండు కొట్టగానే నలుగురమూ హాస్టలుకు పరుగులాంటి నడకతో పోయేవాళ్లం. మాకు చదువు మీద ఉన్న శ్రద్ధ చూసి అబ్బాయిలు ముచ్చటపడేవాళ్లు.

ఆ మేకును తలచుకుంటేనే నాకు కడుపు తిప్పేది. కడుపు తిప్పితే తాళంచెవి కావలసి వస్తుంది. అది గుర్తొస్తే కడుపు ఇంకా తిప్పేది. ఈ గిరగిర తిరుగుడు ఎక్కడ మొదలయ్యేదో, ఎక్కడ ఆగేదో నాకు తెలిసేది కాదు.

రెండో ఏడు అందరూ తలా ఒక సెమినార్ ఇవ్వాలన్నారు. అధ్యాపకులూ విద్యార్థులూ అంతా కూర్చుంటారు. ముప్పావు గంట ఇంగ్లీషులో మాట్లాడాలి. చీట్లు వేశారు. నగరి అమ్మాయికి పట్టుపురుగు వచ్చింది. నాకు వచ్చిన చీటీ విప్పి చూస్తే, "జీర్ణకోశపు హార్మోన్లు."

గదికి వచ్చాక నగరి అమ్మాయి ఆ చీటీ చూసి మంచం మీద పడి నవ్వింది. "దేవుడుండాడే! నువ్వు కొండకు పోకపోయినా ఆయన నిన్ను మరిచిపోలేదు!"

నెల రోజులు లైబ్రరీలో కూర్చున్నాను. మొదట పాత పుస్తకాలే చదివాను. జీర్ణాశయం గోడలు, పేగు గోడలు తమంతట తాము కొన్ని రసాయనాలు తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. గ్యాస్ట్రిన్ ఆమ్లం ఊరమని చెబుతుంది. సెక్రెటిన్ క్లోమానికి కబురు పంపుతుంది. ఇంకొకటి, నోరు తిరగని పేరున్నది, పిత్తాశయాన్ని పిండుతుంది, కడుపు నిండిందని చెబుతుంది. ఇంతవరకూ బట్టీ పట్టదగ్గ సంగతులే.

తరువాత కొత్తగా వచ్చిన విదేశీ పత్రికలు తిరగేశాను. అందులో ఒకచోట ఆగిపోయాను. పేగుల్లో ఉందనుకున్న ఆ నోరు తిరగని రసాయనమే మెదడులోనూ దొరికిందట. పేగుల్లో దాని పనేమిటో తెలుసు. అది మెదడులో ఏం చేస్తున్నట్టు? రాసినవాళ్లకే సరిగ్గా తెలియదు. ఇంకోచోట, మెదడు నుంచి కడుపుకు దిగే పెద్ద నాడిలో, పైనుంచి కిందికి ఆజ్ఞలు మోసే పోగుల కంటే కిందినుంచి పైకి కబుర్లు మోసేవే ఎక్కువని ఉంది. అంటే కడుపు మెదడు మాట వినడం కంటే మెదడుకు చెప్పేదే ఎక్కువన్నమాట.

లైబ్రరీలో కూర్చొని ఆ వాక్యం మూడుసార్లు చదువుకున్నాను. ఇన్నేళ్లూ నేను పిరికిదాన్ని కాబట్టి నా కడుపు పాడైందనుకున్నాను. నాయనా అదే అన్నాడు, పక్కింటివాళ్లూ అదే అన్నారు. ఇప్పుడు చూస్తే సంగతి తిరగబడి కూడా ఉండొచ్చు. కడుపే ముందు కంగారుపడి, పైకి కబురు పంపి, పైనున్నదాన్ని భయపెడుతూ ఉండొచ్చు. ఆ పైనున్నది మళ్లీ కిందికి కేకలేస్తుంది. మధ్యలో నేను చెంబు పట్టుకొని పరిగెడుతున్నాను.

చాలా ఏళ్ల తరువాత, అట్లాంటి రసాయనాన్నే సూదిమందుగా ఎక్కిస్తే ఏ కారణమూ లేకుండా మనుషులకు గుండెదడ, భయం పుట్టాయని ఎక్కడో చదివాను. ఆ రోజుల్లో నాకు అంత తెలియదు. తెలిసినంతవరకే గంతులేశాను.

సెమినార్ రోజు వచ్చింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. తినకపోయినా కడుపు ఊరుకోలేదు. హాస్టల్లోనే అయిదుసార్లు పోయాను. అది నా జీవితంలో అప్పటికి రికార్డు. లెక్కల పరీక్ష కూడా నాలుగు దాటలేదు.

హాల్లో ముందు వరసలో శాఖాధిపతి కూర్చున్నారు. ఆయన పక్కన మిగతా అధ్యాపకులు. వెనక అబ్బాయిలు. నల్లబల్ల మీద జీర్ణాశయం బొమ్మ గీశాను. చెయ్యి వణకడం వల్ల పేగులు మామూలుకంటే ఎక్కువ మెలికలు తిరిగాయి. అది సహజంగా ఉందని ఎవరో మెచ్చుకున్నారు కూడా. గ్యాస్ట్రిన్ అయింది. సెక్రెటిన్ అయింది. నోరు తిరగనిదాని పేరు ఇంగ్లీషులో పలకబోతుండగా నా కడుపు పెద్దగా మూలిగింది. ముందు వరసకు వినపడేంత గట్టిగా. ఒక అబ్బాయి దగ్గాడు. ఇంకో అబ్బాయి నవ్వు ఆపుకోవడానికి తల బల్ల కిందికి దూర్చాడు.

నుదుటి మీద చెమట పట్టింది. ఇంక రెండు నిమిషాలు. మహా అయితే మూడు. హాస్టలు పది నిమిషాల దూరం. వెనక వరండా నలభై అడుగుల దూరం. మధ్యలో ఒక తాళం.

సుద్దముక్క బల్ల మీద పెట్టాను. నేరుగా ముందు వరస దగ్గరికి నడిచాను. నోట్లోంచి ఇంగ్లీషు రాలేదు. పుస్తకాల తెలుగు కూడా రాలేదు. పలమనేరు వచ్చింది.

"సార్, లెట్రిన్ బీగంచెవి ఇయ్యండి సార్."

ఆయన కళ్లద్దాల పైనుంచి చూశారు. అలవాటుగా, "ఏమిటి?" అన్నారు.

"లెట్రిన్ బీగంచెవి సార్. మీ కుర్సీ ఎనక మేకుకు ఉండాది. బిన్నా ఇయ్యల్ల సార్, ఇంక ఆగేట్టు లేదు."

పెద్దాయన నోరు తెరిచారు, మూశారు. లేవబోయారు, కూర్చున్నారు. ఆయన తేల్చుకునేలోపు వెనకనుంచి చెప్పుల చప్పుడు. నగరి అమ్మాయి ఎవరినీ అడగకుండా లేచి, ఆయన గదిలోకి పోయి, ఆయన కుర్చీని పక్కకు లాగి, తాళంచెవి తీసుకొని వచ్చేసింది. దాన్ని నా చేతిలో పెట్టి, మగ్గాల మీదుగా వినపడే గొంతుతో, "పో! మిగిలింది నేను చూసుకుంటా!" అంది.

మిగిలింది ఏం చూసుకుందో తిరిగి వచ్చాక తెలిసింది. నేను లేనంతసేపూ ఆమె నల్లబల్ల దగ్గర నిలబడి, అబ్బాయిలను ఒక్కొక్కరినే గుడ్లురిమి చూసిందట. ఎవ్వరూ నవ్వలేదు.

తాళం తుప్పుపట్టి ఉంది. తిప్పితే తిరగలేదు. ఆ తాళంతో నేను పడ్డ పాటు, దాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తలుపు తెరుచుకుంది, అంతే. లోపల సాలెపురుగులు తప్ప ఏళ్ల తరబడి ఎవరూ వచ్చిన గుర్తు లేదు.

హాల్లోకి తిరిగి వచ్చేసరికి నేను వేరే మనిషిని. ఒళ్లు తేలికగా ఉంది. జరగాల్సిన అవమానం జరిగిపోయింది. ఇంతకంటే దిగజారడానికి చోటు లేదు కాబట్టి ధైర్యం వచ్చింది. మిగతా సెమినార్ ఇంగ్లీషులో గడగడా చెప్పేశాను. పేగుల రసాయనం మెదడులో దొరికిన సంగతి చెప్పాను. కిందినుంచి పైకి పోయే కబుర్లు చెప్పాను. భయం ఒక్క తలలోనే పుడుతుందని అనుకోవడానికి లేదన్నాను.

ప్రశ్నల సమయంలో శాఖాధిపతి లేచారు. ముఖంలో ఏ భావమూ లేదు.

"అయితే భయం ముందు మెదడులో పుట్టి కడుపుకు దిగుతుందా, కడుపులో పుట్టి మెదడుకు ఎక్కుతుందా?"

"రెండు వైపులా దారి ఉంది సార్. ఎటునుంచి ముందు బయలుదేరుతుందో ఇంకా తేలలేదు."

"నీ అభిప్రాయం?"

"నా వరకూ కిందినుంచే సార్."

"రుజువు?"

"ఇందాక చూసినారు గదా సార్."

వెనక ఒక్కసారిగా నవ్వులు పేలాయి. ఈసారి నన్ను చూసి కాదు, నాతో కలిసి. ఆయన నవ్వలేదు. "కూర్చోమ్మా," అని మాత్రం అన్నారు. ఆ "అమ్మా" అంతకుముందు ఆయన నోట మేం ఎన్నడూ వినలేదు.

ఆ మర్నాడు ఆయన గదిలో గోడకు మేకు ఉంది, దానికి తాళంచెవి లేదు. వరండాలో, లెట్రిన్ పక్కనే, కొత్త మేకు కొట్టి ఉంది. తాళానికి నూనె కూడా వేశారు. ఎవరు చెప్పారో, ఎవరు చేశారో మాకు తెలియలేదు. నలుగురమూ ఆ రోజు పొద్దున కాఫీ తాగి వచ్చాం. నగరి అమ్మాయి రెండు కప్పులు తాగింది, అక్కర లేకపోయినా ఒకసారి పోయి వచ్చింది. "ఇన్నాళ్ల బాకీ తీర్చుకుంటా ఉండానే," అంది.

నా పేరు మాత్రం చదువు ముగిసేదాకా బీగంచెవి అనే నిలిచిపోయింది. అబ్బాయిలు వెనకనుంచి అట్లా పిలిస్తే మొదట్లో ఏడ్చాను. తరువాత పలకడం మొదలుపెట్టాను.

సెలవులకు ఇంటికి పోయి నాయనకు అంతా చెప్పాను. తాళంచెవి సంగతి విని ఆయన కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు. అమ్మ మాత్రం తల కొట్టుకుంది. "నలుగురు మొగోళ్ల ముందర ఆ మాట ఎట్లడిగినావే!"

"అడక్కపోతే ఇంకా ఘోరంగా ఉండేది లేమ్మా."

అమ్మ "అదీ నిజమే," అని, సంగటి కెలకడానికి లోపలికి పోయింది. ఆ తరువాత నా బొడ్డు మీద దీపం పెట్టలేదు.

కడుపు నయమైందని చెబితే అబద్ధం. చిత్తూరులో ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చింది. మొదటి పాఠం రోజు మూడుసార్లు. ఏడాది తరువాత ఒక్కసారి. అప్పటికి దాని మీద కోపం పోయింది. అది మూలిగితే, సరే, కబురందింది, ఇంక ఊరుకో అనేదాన్ని. ఒక్కోసారి ఊరుకునేది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఇంట్లో పెళ్లి మాట తెచ్చారు. చిత్తూరులో హైస్కూలు మాస్టరొకాయన తల్లిని, మేనమామను వెంటబెట్టుకొని పలమనేరు వచ్చాడు. మేనమామ ఒక్కడే మాట్లాడుతున్నాడు. మేనల్లుడి నిబ్బరం గురించి, ధైర్యం గురించి, ఎనిమిదో తరగతి పిల్లలు ఆయన్ను చూస్తే ఎట్లా వణుకుతారో దాన్ని గురించి. ఆ నిబ్బరం మనిషి చేతిలో బోండా అట్లాగే పట్టుకొని, ముఖమంతా చెమటతో కూర్చున్నాడు. నేను లోపలి గదిలోంచి కిటికీ సందులో చూస్తున్నాను.

కాసేపటికి ఆయన లేచి మా నాయన చెవిలో ఏదో చెప్పాడు. నాయన గంభీరంగా తల ఊపి, చెంబు తెచ్చి చేతికిచ్చి, దొడ్డివైపు దారి చూపించాడు.

"బస్సు పడలేదు మావాడికి," అన్నాడు మేనమామ.

ఆయన వచ్చి కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. ఈసారి ఎవరినీ అడగలేదు, దారి తెలుసు కాబట్టి.

అమ్మ నా దగ్గరికి వచ్చి గుసగుసలాడింది. "ఏమే, ఈ అబ్బికి ఏందో జబ్బుండేట్టు ఉండాది. ఒద్దని చెప్పేస్తామా?"

"గమ్మునుండమ్మా. నేను మాట్లాడతాను."

పెద్దవాళ్లు మమ్మల్ని అయిదు నిమిషాలు వరండాలో మాట్లాడుకోనిచ్చారు. ఆయన తన చెప్పులనే చూస్తున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి జేబులో, ఒకసారి వీపు వెనక పెట్టుకున్నాడు.

"బయమా?" అని అడిగాను.

తల ఎత్తాడు. అబద్ధం ఆడదామా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించినట్టున్నాడు. "అవును," అన్నాడు. "నిన్నటినించి ఇట్లే ఉండాది. మీకు లేదా?"

"మీరొచ్చేలోపల మూడుసార్లు పోయొచ్చినాను."

ఆయన నవ్విన నవ్వుకు లోపల మేనమామ మాట ఆపేశాడు. ఆ నవ్వులో మేనమామ చెప్పిన నిబ్బరం ఏ కోశానా లేదు. పక్కన బతకడానికి పనికొచ్చే మనిషి ఒకడు మాత్రం కనబడ్డాడు. లోపలికి పోయి అమ్మతో సరే అన్నాను. ఆమెకు నా మతి మీదే అనుమానం వచ్చింది.

ముహూర్తం పొద్దున ఆరున్నరకు పెట్టారు. కల్యాణమంటపంలో ఉన్నది ఒక్కటే లెట్రిన్. పీటల మీద కూర్చునేలోపల మేమిద్దరం వంతులు వేసుకున్నాం.